ఖాళీ గడి

మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనవరాలు అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని, ఒళ్లో లాప్‌టాప్ తెరిచి కూచుంది. కాసేపయ్యాక "అమ్మమ్మా, వీళ్లకి బీపీ సున్నా అట. బతికే ఉన్నారంటావా?" అంది. కళ్లజోడు తెచ్చుకుని చూశాను. 768 మంది ఆడవాళ్ల వివరాలు. వయసు, కాన్పులు, గ్లూకోజు, బీపీ, ఇన్సులిన్ అంటూ వరసలు. వాళ్లలో 35 మందికి బీపీ గడిలో సున్నా ఉంది. 374 మందికి ఇన్సులిన్ సున్నా.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫైలు మీద చెయ్యి తిప్పినవాళ్లే. అమెరికాలో అరిజోనా వైపు పీమా తెగవాళ్లలో మధుమేహం బాగా ఎక్కువ. అందుకని అక్కడి ప్రభుత్వ సంస్థ ఏళ్ల తరబడి వాళ్లను పరీక్షిస్తూ వచ్చింది. ఆ వివరాల్లో కొన్నిటిని 1988లో ఒక పరిశోధన పత్రానికి వాడుకున్నారు. అప్పట్నుంచీ దేశదేశాలు తిరుగుతున్నాయి. బీపీ సున్నా ఉన్నవాళ్లు చచ్చిపోయినవాళ్లేం కాదు. వాళ్లకి ఆ కొలత లేదు. ఖాళీగా ఉండాల్సిన గడిలో సున్నా వచ్చి కూచుంది, అంతే. మనవరాలు అప్పటికే ఇన్సులిన్ సగటు తీసేసింది. 80కి కాస్త తక్కువ వచ్చింది. సున్నాలు పక్కన పెట్టి మళ్లీ తీయమన్నాను. 155 దాటింది.

"ఇంత తేడానా!" అని నోరు తెరిచింది. నాకేమీ వింతగా లేదు. ఆ సున్నా నాకు యాభై ఏళ్ల నాటి చుట్టం.

నేను వాల్తేరులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివింది 1972–74లో. ప్రాక్టికల్ క్లాసంటే పొడుగాటి బల్లలు, వాటి మీద ఫాసిట్ మెషీన్లు. స్వీడన్ సరుకు, చేత్తో తిప్పేది. 347ని 26తో గుణించాలంటే 347 ఎక్కించి, పిడి ఆరుసార్లు తిప్పి, ఒక స్థానం జరిపి, ఇంకో రెండుసార్లు తిప్పాలి. భాగహారంలో ఒక చుట్టు ఎక్కువైతే గంట మోగేది. ఇరవై మంది ఒక్కసారే తిప్పుతుంటే గది పిండిమరలా ఉండేది. సాయంత్రం హాస్టల్లో అన్నం కలుపుకోవడానికి మణికట్టు సహకరించేది కాదు.

ఆ రోజుల్లో ఖాళీ గడి మాకో సమస్యే కాదు. కొలత లేనిచోట నోటుపుస్తకంలో అడ్డగీత ఉండేది. గీత కంట పడగానే చెయ్యి ఆగేది. ఇరవై అంకెలు ఉండాల్సిన చోట పంతొమ్మిదే కూడి, పంతొమ్మిదితోనే భాగించేవాళ్లం. ఖాళీ అంటే ఏమిటో మెషీనుకి చెప్పాల్సిన అవసరం లేదు. ఖాళీ మెషీను దాకా వెళ్తే కదా!

అయితే గీత పెట్టి వదిలేస్తే తీరని లెక్కలూ ఉన్నాయి. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1919లో ఆర్.ఎ. ఫిషర్ అక్కడ చేరి, 'మిలియనేర్' అనే బరువైన లెక్కల యంత్రం ముందు కూచుని, పొలం ప్రయోగాల లెక్కకి శాస్త్రం కట్టాడు. ఆయన పద్ధతి ప్రకారం పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఒక్కో మడిలో వేస్తారు. అన్ని మడులూ నిండుగా ఉన్నంతసేపూ లెక్క సాఫీగా నడుస్తుంది. ఒక్క మడి పోయిందా, కూడికలన్నీ ఒకదాంతో ఒకటి ముడిపడిపోతాయి. పొలమన్నాక మడి పోకుండా ఉంటుందా? ఎలకలు, వరద, దొంగలు, కోసిన పనల మీద తప్పు చీటీ కట్టడం. 1930లో ఆలన్, విషార్ట్ అనే ఇద్దరు పోయిన మడికి ఒక అంకె అంచనా కట్టే దారి చూపించారు. 1933లో అదే రోథామ్‌స్టెడ్ నుంచి ఫ్రాంక్ యేట్స్ దాన్ని ఇంకా బాగా సాగదీశాడు. మా ప్రాక్టికల్ రికార్డులో 'మిస్సింగ్ ప్లాట్' అని ఒక పేజీ ఉండేది. ఆ పేజీ తర్వాత నా ఉద్యోగం కాపాడింది, ఆ సంగతి వస్తున్నాను.

మా మేష్టర్లు సి.ఆర్. రావుగారి పేరు ఎత్తకుండా వారం గడిచేది కాదు. ఆయనా వాల్తేరులోనే లెక్కలు చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. లోకమంతా ఆయన్ని 1945 నాటి సిద్ధాంతంతో గుర్తుపెట్టుకుంటుంది. నాకు మాత్రం పుర్రెల కథే ఇష్టం. పుర్రె లోపలి పరిమాణం కొలవాలంటే ఆవాలో, సీసపు గుళ్లో పోసి చూడాలి. తవ్వకాల్లో దొరికిన పుర్రె పగిలి ఉంటే పోసిందంతా కారిపోతుంది. అలాంటప్పుడు దాని పొడవు, వెడల్పు, ఎత్తు బట్టి లోపలి కొలతను ఎలా ఊహించాలో రావుగారు, షా అనే ఆయనతో కలిసి 1948లో ఒక పత్రం రాశారు. ఆ ముందు రెండేళ్లూ ఆయన కేంబ్రిడ్జి మ్యూజియంలో సూడాన్ నుంచి వచ్చిన అస్థిపంజరాల కొలతలతో కాపురం చేశారు. మడి పోయినా పుర్రె పగిలినా పని ఒకటే: ఉన్నవాటిని పట్టుకుని లేనిదాన్ని అడగడం. ఎలా అడుగుతున్నామో పక్కనే రాసిపెట్టుకోవాలి కూడా.

1975లో హైదరాబాదులో ఉద్యోగం. జిల్లాల్లో ఉన్న పరిశోధన కేంద్రాల నుంచి పొలం లెక్కలు వచ్చేవి. వాటిని కంప్యూటరుకు ఎక్కించడం మా పని. కలకత్తాలో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంగ్లండు నుంచి హెచ్‌ఇసి-2ఎమ్ అనే కంప్యూటరు తెప్పించింది 1956లోనే. ఇక్కడ మన ఇసిఐఎల్ కూడా 1969లో టిడిసి-12 తయారుచేసింది. అయినా మాబోటి వాళ్లకి కంప్యూటరు అంటే గాజు తలుపుకి అవతల ఉండే వస్తువే. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి, అదీ పిలిస్తేనే. మా లోకం కార్డులది.

కార్డు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈనాటి సాఫ్ట్‌వేర్ల సగం చాదస్తాలు దాని కడుపున పుట్టినవే. అమెరికాలో 1890 జనాభా లెక్కల కోసం హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డుతో లెక్కపెట్టే యంత్రం చేశాడు. ఆయన కంపెనీయే చేతులు మారి, పేర్లు మారి, 1924లో ఐబీఎమ్ అయింది. 80 నిలువు వరసల కార్డు 1928లో వచ్చింది. దళసరి కాగితం, జానెడు పొడవు ఉండదు, ఒక మూల కత్తిరించి ఉంటుంది. కట్టలో ఏ కార్డయినా తిరగబడితే ఆ మూల దగ్గర ఇట్టే తెలిసిపోతుంది. కట్ట పేర్చాక పైఅంచు మీద స్కెచ్‌పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్లం. కట్ట చెయ్యిజారి వరస తప్పితే గీత ముక్కలైపోతుంది. మళ్లీ గీత కలిసేదాకా సర్దుకోవాలి. నా కళ్లముందు ఒకమ్మాయి రెండు వేల కార్డుల ట్రే మెట్ల మీద జారవిడిచింది. ఏడవలేదు పాపం, పైట నడుముకి దోపుకుని మెట్టు మెట్టుకీ ఏరుకుంది.

పంచింగ్ గదిలో ఒక మర్యాద ఉండేది. ఒకరు పంచ్ చేసిన కార్డుల్ని ఇంకొకరు వెరిఫయర్ మీద అవే అంకెలతో మళ్లీ కొట్టాలి. రెండూ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గాటు పడుతుంది. తేడా వస్తే ఆ వరసకి సరిగ్గా పైన గాటు పడుతుంది. గాటు లేని కార్డు లోపలికి పోవడానికి వీల్లేదు. ఇప్పటి పిల్లలు ఒక్కసారి టైపు చేసి, ఒక్కసారి కూడా తిరగి చూడకుండా రిగ్రెషన్ దాకా వెళ్లిపోతారు. మీ ప్రశ్నపత్రాల్లో పదోవంతైనా స్నేహితుడి చేత రెండోసారి ఎక్కించి, రెండు ఫైళ్లూ పోల్చి చూడమని ఎవరు వచ్చినా చెబుతాను. చెప్పినప్పుడు తలూపుతారు.

ఇక గేదెల కథ. 1977. గోదావరి వైపు ఒక కేంద్రం నుంచి వరి రకాల ప్రయోగం వచ్చింది. అయిదు రకాలు, నాలుగు బ్లాకులు, ఇరవై మడులు. వాటిలో మూడో బ్లాకులో ఒక మడి దగ్గర దిగుబడికి బదులు అడ్డగీత ఉంది. పక్కన పెన్సిల్‌తో ఏదో గిలికి ఉంది, నేను పట్టించుకోలేదు. కోడింగ్ షీటులో ఆ గడి ఖాళీగా వదిలాను. ఖాళీ అంటే ఖాళీయే కదా! కార్డు మీద ఆ వరసల్లో చిల్లు పడలేదు. వెరిఫయర్ మీద కూర్చున్నామె కూడా ఖాళీయే వదిలింది. రెండూ కలిశాయి, మర్యాదగా కుడి అంచున గాటు పడింది.

ఆనాటి ఫోర్ట్రాన్‌కి అంకె ఉండాల్సిన చోట చిల్లు లేకపోతే అది సున్నా కిందే లెక్క. గొణుగుడు లేదు, హెచ్చరిక లేదు. ప్రింటవుట్ వచ్చింది. పచ్చ చారల కాగితం మీద అయిదు రకాల సగటులు. ఆ మడి తాలూకు రకానికి తొమ్మిది కిలోలు, అన్నిటికన్నా కింద. దానికప్పటికి పేరు కూడా లేదు, నంబరే. కాగితం పట్టుకుని రైలెక్కి ఆ కేంద్రానికి నేనే వెళ్లాను. అక్కడ శాస్త్రవేత్త ఫలితం చూసి, ఆ నంబరు మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేయబోతున్నాడు. గుమ్మం దగ్గర ఒక ముసలి ఫీల్డ్‌మన్ నిలబడి ఉన్నాడు, తలపాగా చేతిలో పట్టుకుని.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఆ రకం అంత తక్కువెక్కడ పండిందండీ? మోసింది నేనే కదా."

"కంప్యూటరు చెప్పిందయ్యా," అన్నాను నేను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

"కంపూటరు మొయ్యలేదు కదమ్మా," అన్నాడు.

పొలం పుస్తకం తెప్పించాను. గీత పక్కన పెన్సిల్ గిలుకుడు అప్పుడు చదివాను: 'గేదెలు మేశాయి'. అక్కడే బల్ల మీద కూచుని లెక్క మళ్లీ వేశాను. ఆ రకం మిగతా మూడు మడుల్లో పండింది 36 కిలోలు. సున్నాతో కలిపి నాలుగుతో భాగిస్తే 9. గేదెలు మేసిన మడిని వదిలి మూడుతో భాగిస్తే 12. రికార్డు పేజీలోని సూత్రం నోటికి వచ్చింది: రకాల సంఖ్యతో ఆ రకం మొత్తాన్ని గుణించు, బ్లాకుల సంఖ్యతో ఆ బ్లాకు మొత్తాన్ని గుణించు, రెండూ కూడి మొత్తం దిగుబడి తీసెయ్యి, వచ్చినదాన్ని ఒకటి తగ్గించిన రకాల సంఖ్య, ఒకటి తగ్గించిన బ్లాకుల సంఖ్యల లబ్ధంతో భాగించు. 5 సార్లు 36 అంటే 180. ఆ బ్లాకులో మిగతా నాలుగు మడులు 42 కిలోలు, 4 సార్లు 168. ఉన్న 19 మడుల మొత్తం 213. కూడి తీసేస్తే 135, దాన్ని 12తో భాగిస్తే 11.25. ఆ బ్లాకు నేల కాస్త బలహీనం, అందుకే 12 కన్నా తగ్గింది. అది కలుపుకుంటే రకం సగటు 11.81. కింద నుంచి మొదటిది కాస్తా పైకెక్కి కూచుంది. ఊహించిన అంకె కొత్త సాక్ష్యం కాదు కనుక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో ఒకటి కోసేశాను. శాస్త్రవేత్త ఎర్ర పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. ఫీల్డ్‌మన్ నాకు కొబ్బరిబోండం కొట్టి ఇచ్చాడు.

హైదరాబాదు తిరిగొచ్చాక మా గదిలో కొత్త నియమం పెట్టుకున్నాం: ఏ గడీ ఖాళీగా వదలకూడదు, లేనిచోట తొమ్మిదులు నింపాలి. ఒక వరసయితే 9, రెండు వరసలయితే 99. ఈ కనిపెట్టుడు మాదేం కాదు, కార్డుల మీద బతికినవాళ్లందరూ ఎక్కడికక్కడ ఇదే పని చేశారు. 80 వరసల్లోనే మనిషి జాతకమంతా ఇరికించాలి కనుక వయసుకి రెండు వరసలకన్నా ఇవ్వలేం. మరి నిజంగానే 99 ఏళ్లున్న ముసలమ్మ వస్తే? ఆవిడకి 98 వేసేవాళ్లం. మా కోడ్‌షీటు కోసం ఆవిడ ఒక ఏడాది చిన్నదయ్యేది.

ఇలా సున్నా పీడ వదిలింది, తొమ్మిది పీడ పట్టుకుంది. తొమ్మిదులు గుర్తులని మనకి తెలుసు, కంప్యూటరుకి తెలియదు. దానికి 99 అంటే తొంభై తొమ్మిదే. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ నై, హాడ్లాయ్ హల్, డేల్ బెంట్ అనే ముగ్గురు కుర్రాళ్లు ఎస్‌పీఎస్‌ఎస్ మొదలుపెట్టారు. నైది రాజనీతిశాస్త్రం. పొలంలో ఖాళీకి గేదెలు కారణమైతే, జనాల్ని ప్రశ్నలడిగేవాడికి ఖాళీలు రకరకాలు: తెలియదన్నవాడొకడు, చెప్పనన్నవాడొకడు, అసలు ఆ ప్రశ్న వర్తించనివాడు ఇంకొకడు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఒక వరసకి మూడు అంకెల దాకా 'ఇవి లేనివాటి గుర్తులు' అని ముందే చెప్పుకోవచ్చు. 1970లో అచ్చయిన దాని మాన్యువల్ పుణ్యమా అని లెక్కలంటే భయపడే సోషియాలజీ వాళ్లు కూడా పట్టికలు తీసేవాళ్లయ్యారు. కానీ ఆ గుర్తులు చెప్పుకోవాల్సింది మనమే. వేరియబుల్ వ్యూలో 'మిస్సింగ్' అనే నిలువు వరస ఉంటుంది చూడండి, నా దగ్గరకొచ్చే ఫైళ్లలో పదికి ఏడింట్లో అది ముట్టుకోకుండానే ఉంటుంది. అందుకే ఎవరొచ్చినా సగటు అడగను. ముందు ప్రతి వరసకీ కనిష్ఠం, గరిష్ఠం, లెక్కలోకి వచ్చినవాళ్ల సంఖ్య తీయమంటాను. అయిదు నిమిషాల పని. అందులోనే 99 ఏళ్ల పెళ్లికూతుళ్లూ, సున్నా బరువు పిల్లలూ బయటపడతారు.

తొమ్మిదుల గురించి ఇంకో పిట్టకథ. పెద్దపెద్ద సంస్థల ప్రోగ్రాముల్లో 'ఇక్కడితో ఆపు' అనడానికి 9999 వాడేవాళ్లు. 1999 సెప్టెంబరు 9 వస్తోందంటే, తొమ్మిదో నెల, తొమ్మిదో తేదీ, 99, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయేమోనని లోకం బెదిరింది. ఏమీ కాలేదు. మేం ఆ రోజు మామూలుగానే ఆఫీసుకెళ్లి టీ తాగాం.

తర్వాతివాళ్లు అంకెతో పని లేకుండా చుక్క పెట్టారు. అమెరికాలో నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీలో 1966లో మొదలై, 1976లో కంపెనీగా వేరుపడ్డ శాస్ కూడా వ్యవసాయ ప్రయోగాల లెక్కల్లోంచే పుట్టింది; అంటే మా బంధువర్గమే. దానిలో కొలత లేకపోతే ఒక చుక్క. చుక్కని ఎవరూ అంకె అనుకోరు, కూడికలో కలపరు. అమ్మయ్య అనుకున్నాం. 2000 తర్వాత అమీర్‌పేటలో గోడ గోడకీ 'క్లినికల్ శాస్' బోర్డులు వెలిసినప్పుడు, మా ఎదురింటి అబ్బాయి మూడు నెలల కోర్సు చేసి, వాళ్ల మేష్టారు చెప్పిన ప్రోగ్రామ్ నాకు చూపించాడు. డేటా మొదలయ్యే చోట 'కార్డ్స్' అని ఉంది. "కార్డ్స్ అంటే ఏంటి ఆంటీ?" అన్నాడు. పాత పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న పంచ్‌కార్డు తీసి చేతిలో పెట్టాను. వాడు దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చిల్లుల్లోంచి నన్ను చూశాడు. ఇప్పుడు 'డేటాలైన్స్' అని రాయమంటారు గానీ, 'కార్డ్స్' అన్నా శాస్ ఈ రోజుకీ పలుకుతుంది.

చుక్కలోనూ ఒక ముల్లుంది. కూడికలో రాదు సరే, పోలికలో వస్తుంది. శాస్‌కి చుక్క అన్ని అంకెలకన్నా చిన్నది. 1985లో వచ్చిన స్టాటాకి చుక్క అన్ని అంకెలకన్నా పెద్దది. శాస్‌లో 'ఆదాయం అయిదు వేల లోపు ఉన్నవాళ్లు' అని అడిగితే, ఆదాయం చెప్పనివాళ్లంతా పేదల్లో కలుస్తారు. స్టాటాలో 'యాభై వేలు దాటినవాళ్లు' అంటే వాళ్లే ధనవంతులైపోతారు. ఒకే ఫైలు, అవే మనుషులు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారేవాళ్లు ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు, మెనూలు ఎక్కడున్నాయో వాటంతట అవే తెలుస్తాయి. పోలిక రాసిన ప్రతిచోటా 'లేనివాళ్లు కాకుండా' అని ఇంకో ముక్క చేర్చాలి.

ఆర్‌తో నాకు యాభై దాటాక పరిచయం. న్యూజిలాండులో ఆక్లండ్ యూనివర్సిటీ మేష్టర్లు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ బెల్ ల్యాబ్స్ వాళ్ల 'ఎస్' భాషని చూసి రాసుకున్నది. 1995లో అందరికీ ఉచితం చేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వచ్చింది. లీపు రోజున విడుదల చేయడంలోనే వాళ్ల కొంటెతనం తెలుస్తుంది. మొదటిరోజు ఒక వరస సగటు అడిగాను. 'ఎన్‌ఏ' అంది. మళ్లీ అడిగాను. 'ఎన్‌ఏ'. ఒక్క కొలత లేకపోయినా నోరు విప్పదు. లేనివాటిని తీసేయమని 'ఎన్‌ఏ డాట్ ఆర్‌ఎమ్' అంటూ మనం చేతులారా రాసి ఇస్తేనే సగటు చెబుతుంది. వారం పాటు తిట్టుకున్నాను. ఆ తర్వాత గోదావరి ప్రింటవుట్ గుర్తొచ్చి, ఇంత మొండిది ఆ రోజు నా దగ్గర ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఈ ఎన్‌ఏ లోపల ఏముందో తెలిశాక ఇంకా ముచ్చటేసింది. 'అంకె కానిది' అనే గుర్తొకటి కంప్యూటర్ చిప్పులన్నీ ఒకేలా పాటించాలని 1985లో ఒక ప్రమాణం వచ్చింది. ఆర్ ఆ గుర్తునే తీసుకుని, మామూలు తప్పుల నుంచి వేరుగా తెలియాలని దాని అడుగున 1954 అనే అంకె దాచిపెడుతుంది. రాస్ ఇహాకా పుట్టింది కూడా 1954లోనే. మన ఫైల్లో కొలత లేని ప్రతి దశాంశపు గడిలోనూ ఆ ఏడాది నిద్రపోతూ ఉంటుంది.

అలాగని ఆర్ మరీ పతివ్రతేం కాదు. ఒక గడి ఎన్‌ఏకి సమానమా అని అడిగితే జవాబూ ఎన్‌ఏయే. 'ఈజ్ డాట్ ఎన్‌ఏ' అనే అడగాలి. సగటు దగ్గర అంత బెట్టు చేసేది రిగ్రెషన్ దగ్గర నోరు మూసుకుని, ఒక్క ఖాళీ ఉన్న మనిషిని మొత్తంగా అవతల పారేసి, అడుగున ఒక చిన్న లైనులో 'ఇంతమందిని తీసేశాను' అని గొణుగుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ చేసేదీ అదే. పన్నెండు ప్రశ్నలుండి, ఒక్కోదానికి వందలో అయిదుగురు జవాబివ్వలేదనుకోండి, ఒక ఖాళీకీ ఇంకో ఖాళీకీ సంబంధం లేకుండా. అయిదేగా అనిపిస్తుంది. 0.95ని పన్నెండుసార్లు గుణించుకుంటే 0.54. అయిదు వందల మందితో బయల్దేరి రెండు వందల డెబ్భై మందితో ఇల్లు చేరతాం. దారిలో దిగిపోయినవాళ్ల పేర్లు ఎవరూ అడగరు. థీసిస్ ముందు పేజీలో 500 అని, పట్టికలో 270 అని ఉంటే వైవాలో నేనడిగే మొదటి ప్రశ్న అదే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది ఈ మధ్య. మొదటి సర్వే 1992–93 నాటిది, కోడ్‌షీటు పద్ధతి అంతకన్నా పాతది. పుట్టినప్పటి బరువు గ్రాముల్లో ఉంటుంది. తూకం వేయకపోతే 9996, తెలియదంటే 9998. ఆ అమ్మాయి తీసిన సగటు దాదాపు అయిదు కిలోలు.

"నీకేం అనుమానం రాలేదా?" అన్నాను.

"మన పిల్లలు బాగానే పుడుతున్నారనుకున్నాను మేడమ్."

నవ్వాను గానీ తప్పు ఆ పిల్లది మాత్రమే అనుకోను. పది కిలోలకి నాలుగు గ్రాములు తక్కువున్న ఆ పాపాయి మా పంచింగ్ గదిలో పుట్టింది.

అన్నిటికన్నా బాధ ఎక్సెల్ చూస్తే కలుగుతుంది. సగటు ఫార్ములా ఖాళీ గడుల్ని బుద్ధిగా వదిలేస్తుంది. అదే ఖాళీ గడిని ఇంకో గడితో కూడమంటే, హెచ్చించమంటే, సున్నా కింద లెక్కేస్తుంది. యాభై ఏళ్లు తిరిగి మళ్లీ గోదావరి జిల్లాకే వచ్చాం. అందుకని మూల ఫైలు ముట్టుకోవద్దంటాను. నకలు మీద పనిచేసి, చేసిన మార్పులన్నీ ఆజ్ఞల రూపంలో ఒక చోట రాసి ఉంచుకోమంటాను. మౌసుతో చేసిన సవరణకి మర్నాటికి సాక్ష్యం ఉండదు.

మనవరాలు నేను చెప్పింది విని సున్నాలన్నిటినీ ఎన్‌ఏలు చేసేసింది. అన్నిటినీ అంటే అన్నిటినీ. కాన్పుల వరసలో ఉన్న సున్నాల్ని కూడా. కాన్పు కాని ఆడవాళ్లుంటారు కదే, అది నిజం సున్నా అంటే నాలిక కరుచుకుంది. మళ్లీ మొదట్నుంచి చేసింది, వరసవరసకీ 'ఇక్కడ సున్నా కుదురుతుందా' అని నన్నడుగుతూ. గ్లూకోజు సున్నా అయిదుగురికి. కుదరదు. బరువు సూచిక సున్నా పదకొండు మందికి. కుదరదు.

"ఇప్పుడు వీటిని సగటుతో నింపేయనా? కోర్సులో అలాగే చెప్పారు."

"ఎందుకు ఖాళీయో తెలియకుండా ఎలా నింపుతావు?" అన్నాను. 1976లో డోనల్డ్ రూబిన్ అనే స్టాటిస్టీషియన్ అడిగిందీ ఇదే. మడి పోవడానికీ ఆ మడి దిగుబడికీ సంబంధం లేకపోతే ఒక దారి, ఉంటే ఇంకో దారి. గేదెలు గట్టు పక్క మడిలో దూరితే ఆ రకానికి ఏ పాపమూ తెలియదు. పచ్చగా ఏపుగా ఉన్న మడినే ఏరి మేస్తే లెక్క మారిపోతుంది. ఈ పీమా ఆడవాళ్లలో సగంమందికి ఇన్సులిన్ ఎందుకు లేదో ఈ ఫైలు మాత్రం చెప్పదు. సగటుతో నింపితే 374 మందికి ఒకే ఇన్సులిన్ వస్తుంది, అలాంటి ఊరు ఎక్కడైనా ఉందా?

బీరువాలోంచి నా పాత కోడ్‌షీటు పుస్తకం తీశాను. గోదావరి నుంచి తిరిగొచ్చిన వారం రాసుకున్నది. తొమ్మిదుల పక్కన ఇంకో వరస పెట్టుకున్నాం, కార్డులో 72వది, మడి ఎందుకు పోయిందో వేయడానికి. పేజీలు పసుపెక్కాయి, గుండుసూది తుప్పు పట్టింది. మనవరాలు అరిసె కొరుకుతూ వేలితో వరస వెంట దిగింది.

"అమ్మమ్మా, గేదెకి నంబరెంత?"

"మూడు. ఒకటి వరద, రెండు ఎలకలు."